నాన్నకు, తాతకు బీపీ ఉంటే మనకూ రావడం ఖాయమా?

నాన్నకూ, తాతగారికీ బీపీ ఉందన్నారు. మీకు 34 ఏళ్లు, ఇప్పటికి నార్మల్. మీకూ తప్పదా, జీన్ టెస్ట్ చేయించుకుంటే ముందే తెలుస్తుందా అని అడిగారు.

ఖాయం కాదండీ. కానీ జీన్ టెస్ట్‌కు పెట్టే డబ్బుతో ముందు మోచేతికి పైన కట్టుకునే బీపీ మెషీన్ ఒకటి కొనండి.

మా తాతయ్యకు 58వ ఏట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్లేదాకా ఆయనకు బీపీ ఉన్న సంగతే ఎవరికీ తెలియదు. నాన్నకు 45లో బయటపడింది. నాకు 38లో, అదీ పన్ను తీయించుకోవడానికి వెళ్తే. కుర్చీలో కూర్చోబెట్టి చూశారు: 152/98. పన్ను పీకుతారన్న టెన్షన్‌లే అనుకుని మూడు నెలలు వదిలేశాను. అలా వదిలేయకూడదు. ఇంట్లో వారం రోజులు వరసగా చూసుకుంటే ఒక్క రోజూ 140కి తగ్గలేదు. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటు 135/85 దాటితేనే ఎక్కువ కింద లెక్క.

బీపీకి ఒక్క జీన్ అంటూ ఉండదు. 2018లో పది లక్షలమందికి పైగా మనుషుల వివరాలు చూసి, బీపీతో ముడిపడిన 901 చోట్లు జన్యువుల్లో ఉన్నాయని తేల్చారు. వాటిలో చాలావాటి ప్రభావం ఒక్క పాయింటు కూడా ఉండదు, అన్నీ కలిస్తేనే తేడా. పైగా ఆ పరిశోధనలో ఉన్నవాళ్లు యూరప్ మూలాలవాళ్లు. ఆ లెక్కలతో చేసే టెస్ట్ మనవాళ్లకు అంత సరిగ్గా సరిపోదు. మనిషికీ మనిషికీ బీపీలో కనిపించే తేడాలో 30 నుంచి 50 శాతం వారసత్వం వల్ల అంటారు. అంటే మీకు వచ్చే అవకాశం 50 శాతం అని కాదు. చాలామంది ఇక్కడే పొరబడి భయపడతారు.

రక్తనాళాలు గట్టిపడటం గురించి నాకు అర్థమైంది నాన్నను చూశాకే. ఇప్పుడు ఆయనకు 74. మొన్న చూస్తే 170/68. "కింద నంబరు బాగానే ఉందిగా" అన్నారు. ఆ రెండింటి మధ్య 102 తేడా ఉండటమే అసలు సమస్య. పెద్ద ధమని గోడల్లో సాగే గుణమున్న ఎలాస్టిన్ వయసుతో చిట్లిపోతుంది, బిరుసైన కొల్లాజెన్ పెరుగుతుంది. గుండె కొట్టినప్పుడు గోడ సాగదు కాబట్టి పై నంబరు ఎగుస్తుంది, మధ్యలో రక్తాన్ని పట్టి ఉంచలేదు కాబట్టి కింది నంబరు పడిపోతుంది. ఈ బిరుసు ఎంతుందో తెలియడానికి మెడ దగ్గర, తొడ దగ్గర నాడి చూసి, గుండె కొట్టినప్పుడు నాళాల్లో పుట్టే అల ఎంత వేగంగా వెళ్తోందో కొలుస్తారు. సెకనుకు 10 మీటర్లు దాటితే నాళాలు బిరుసెక్కినట్టే. ఇందులోనూ వారసత్వం పాత్ర ఉంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో 2012లో ఒక సంగతి బయటపెట్టారు: నాళాలు ముందు బిరుసెక్కినవాళ్లకు తర్వాత బీపీ వచ్చింది. అందుకే బీపీ ఇంకా నార్మల్‌గా ఉన్న మీ వయసే జాగ్రత్త పడాల్సిన వయసు.

జీన్స్‌తో పాటు ఇంటి ఉప్పు చెయ్యి కూడా వారసత్వంగానే వస్తుందండీ. మా ఇంట్లో ముద్దపప్పులోకి ఆవకాయ, పెరుగన్నంలోకి మళ్లీ మాగాయ, పక్కన ఊరమిరపకాయ. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మా కంచంలో మధ్యాహ్నానికే అది దాటిపోయేది. ఇప్పుడు పచ్చడి ఒక్క పూటే, మజ్జిగలో ఉప్పు మానేశాం. రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నాను, ఒక మాత్ర వేసుకుంటున్నాను. 126/80 దగ్గర నిలిచింది. మాత్ర మాత్రం డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టొద్దు, మానొద్దు.

చూసుకునే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. కాళ్లు నేలకు ఆనించి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు చూడండి.

ఇంకొకటి. మీ ఇంట్లో ఎవరికైనా 30 లోపే బీపీ బాగా పెరిగి, రక్తంలో పొటాషియం కూడా తక్కువ ఉంటే అది డాక్టరుకు తప్పక చెప్పండి. ఒకే జీన్ లోపం వల్ల వచ్చే లిడిల్ సిండ్రోమ్ లాంటి అరుదైన జబ్బులుంటాయి, వాటికి మందులే వేరు. జీన్ టెస్ట్ పనికొచ్చేది అక్కడే. ఈ ఆదివారం నాన్నగారి పక్కన కూర్చుని, ఇంట్లో ఎవరికి ఏ వయసులో బీపీ, పక్షవాతం, గుండెపోటు వచ్చాయో ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్నే తీసుకెళ్లండి.