సార్ రాని పీరియడ్ వదులుకోకండి

బీఎడ్ రెండో ఏడాదిలో ఉన్నాను, ప్రభుత్వ టీచర్ పోస్టుల డీఎస్సీ నోటిఫికేషన్ పడేదాకా ప్రైవేట్ స్కూల్లో చేరాలంటే ఏం నేర్చుకోవాలి అని అడిగారు. స్పోకెన్ ఇంగ్లిష్, కంప్యూటర్ అని అందరూ చెప్తారు. నన్నడిగితే, ఇంటర్న్‌షిప్‌లో ఏ సారో సెలవు పెట్టినప్పుడు "కాస్త ఆ క్లాసులో కూర్చోండమ్మా" అంటారు చూడండి, ఆ పీరియడ్ వదలకండి.

నేను వదిలేశాను. 16 వారాల ఇంటర్న్‌షిప్‌లో నాకు బాగా గుర్తున్నది స్టాఫ్ రూమ్‌లో ఓ మూల కూర్చుని కాలేజీకి చూపించాల్సిన రికార్డులు రాయడమే. సీనియర్ల రికార్డు చూసి మేం, మాది చూసి జూనియర్లు. స్కెచ్ పెన్నులు అమ్మేవాళ్ళు తప్ప దానివల్ల బాగుపడినవాళ్ళని నేను చూడలేదు.

తర్వాత ఒక స్కూల్లో డెమోకి, అంటే ఉద్యోగం ఇచ్చే ముందు పాఠం చెప్పి చూపించమని, పిలిచారు. ఎనిమిదో తరగతి, ఘర్షణ పాఠం. స్కూల్ నడిపే కరస్పాండెంట్ గారు వెనక బెంచీలో కూర్చున్నారు. లెసన్ ప్లాన్‌లో రాసుకున్న మొదటి ప్రశ్న అడిగానో లేదో, ఒక పిల్లాడు లేచి "మేడమ్, మా నాన్న బండి టైరు నున్నగా అరిగిపోయింది, వానొస్తే జారుతోంది, ఎందుకు?" అన్నాడు. నా ప్లాన్‌లో ఆ ప్రశ్న లేదు. టెన్షన్‌లో "కూర్చో నాన్నా, ఇంకా పాఠం మొదలవలేదు" అనేశాను.

కరస్పాండెంట్ గారు నవ్వారు. "వాడు మొదలెట్టేశాడమ్మా, మీరే ఆపేశారు" అన్నారు. ఉద్యోగం రాలేదు.

రాదు మరి. బీఎడ్‌లో పాఠం చెప్పడం ప్రాక్టీస్ చేసే మైక్రో టీచింగ్‌లో ఎదురుగా కూర్చునేది మన ఫ్రెండ్సే. ఎవరు ఏం అడగాలో, ఏం చెప్పాలో ముందే మాట్లాడుకుంటాం. టైరు సంగతి ఎవడడుగుతాడు? డీఎస్సీ కూడా అంతే. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) పోస్టుకి రాతపరీక్ష 80, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ 20, మొత్తం 100 మార్కులూ కాగితం మీదే. ఒక్క నిమిషం పాఠం చెప్పి చూపించమనేవాళ్ళు లేరు. దీని గురించి ఎవరూ ధర్నా చెయ్యరు!

ఆ తర్వాత ఆర్నెల్లు మా వీధి పిల్లలకి ట్యూషన్ చెప్పాను. పుస్తకంలో లేనివి అడుగుతూనే ఉంటారు, తెలియకపోతే రేపు చెప్తానని ఒప్పుకోవడం అక్కడే అలవాటైంది. సార్ రాని పీరియడ్‌లో నేర్చుకోవాల్సిందీ అదే. రెండో డెమోలో చార్టులే పట్టుకెళ్ళలేదు, ఉద్యోగం వచ్చింది.

అన్నట్టు, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారు. జిరాక్స్‌లే ఇవ్వండి. నావి వెనక్కి రావడానికి నాలుగు నెలలు తిరిగాను.