అరగంట బాగా నడిచి మిస్సింగ్ కొడుతోందా? కాయిల్ కొనే ముందు ఆగండి

పెళ్లిళ్ల సీజన్ కదా, ఈసారి వచ్చిన టెక్ సందేహాల్లో మూడు జనరేటర్ గురించే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వాళ్లు వచ్చే వారం దాకా కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న (చంద్రగిరి నుంచి): షామియానా, మైక్‌సెట్ అద్దెకిస్తాం. రెండున్నర కేవీఏ పెట్రోల్ జనరేటర్ ఉంది. మొదటి అరగంట బాగా నడుస్తుంది, తర్వాత టప్ టప్ అని మిస్సింగ్, లైట్లు మినుకుమినుకుమంటాయి, చివరికి ఆగిపోతుంది. పావుగంట వదిలేసి తాడు లాగితే మళ్లీ స్టార్ట్. ప్లగ్గు రెండుసార్లు మార్చాను. కాయిల్ పోయిందంటున్నారు. మార్చేయాలా?

జవాబు: అప్పుడే డబ్బులు తీయొద్దన్నా. వేడెక్కితే ఆగుతుంది, చల్లారితే స్టార్ట్ అవుతుంది అనగానే అందరూ కాయిల్ అనే అంటారు, అది తప్పేమీ కాదు, ప్లగ్గుకు స్పార్క్ పుట్టించే ఈ కాయిల్ లోపల తీగ ఎక్కడైనా చిట్లి ఉంటే వేడికి విడిపోతుంది, చల్లబడితే మళ్లీ తగులుకుంటుంది. కానీ సరిగ్గా ఇవే లక్షణాలు చూపించేవి ఇంకా ఉన్నాయి, వాటిలో ఒకటి పైసా ఖర్చు లేనిది: ట్యాంకు మూత. మూతలో గాలి ఆడే సన్న రంధ్రం దుమ్ముతో పూడిపోతే, పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి పెట్రోల్ కిందికి దిగడం మానేస్తుంది. పావుగంటలో ఎక్కడినుంచో కాస్త గాలి దూరుతుంది, బండి మళ్లీ బతుకుతుంది. ఈసారి ఆగిపోగానే మూత కొంచెం వదులు చేసి చూడండి. ఉస్సుమని గాలి లోపలికి పోయిందంటే దొంగ దొరికినట్టే. పక్కన బీడీ కాల్చేవాళ్లు ఉంటే ముందు వాళ్లను పంపించేయండి.

మూత బాగుందా? అప్పుడు స్పార్క్ చూడాలి, అసలు కీలకం ఎప్పుడు చూస్తారన్నదే. మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లేసరికి ఇంజిన్ చల్లారిపోతుంది, అక్కడ లాగితే స్పార్క్ బ్రహ్మాండంగా వస్తుంది, 'బాగానే ఉందే' అని పంపించేస్తారు. ఆగిన నిమిషంలోపే చూడాలి. అందుకే ఒక కొత్త ప్లగ్గు జేబులో పెట్టుకోండి. ఇంజిన్‌లో ఉన్న వేడి ప్లగ్గును విప్పకండి, చెయ్యి కాలుతుంది, పైగా ఆ రంధ్రంలోంచి వచ్చే పెట్రోల్ ఆవిరి స్పార్క్‌కు అంటుకుంటుంది. దాని క్యాప్ మాత్రం పీకి జేబులోని ప్లగ్గుకు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప ఒళ్లు ఇంజిన్ బాడీకి బాగా ఆనేలా ఆనించండి, కారిన పెట్రోల్‌కు దూరంగా. స్విచ్ ఆన్‌లోనే ఉంచి ఇంకొకరిని తాడు లాగమనండి. లాగేటప్పుడు క్యాప్‌ను చేత్తో ముట్టుకోవద్దు, షాక్ గట్టిగా ఉంటుంది. నీడలో చూస్తే టక్కుమంటూ నీలంగా కనిపించాలి. ఎర్రగా నీరసంగా ఉన్నా అది ఫెయిలే, ఎందుకంటే బయటి గాలిలో దూకగలిగిన స్పార్క్ సిలిండర్ లోపలి ఒత్తిడిలో దూకలేకపోవచ్చు. ప్లగ్గు గ్యాప్ కూడా చూడండి, ఈ సైజు ఇంజిన్లకు సాధారణంగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది.

నీలం స్పార్క్ వస్తుంటే కాయిల్‌ను వదిలేయండి. వాల్వుల గ్యాప్ చూపించండి, అది మరీ బిగుసుకుంటే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. కొలిచేది మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే.

స్పార్క్ రాలేదనుకోండి. అప్పుడూ కాయిల్ మీద తీర్పు చెప్పేయకండి! ఈ ఇంజిన్లలో స్పార్క్‌కు బ్యాటరీ ఉండదు, ఫ్లైవీల్‌కు (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) ఉన్న అయస్కాంతం కాయిల్ పక్కనుంచి తిరిగిన ప్రతిసారీ కరెంటు పుడుతుంది. స్విచ్ ఆఫ్ చేయడమంటే కాయిల్ నుంచి వచ్చే సన్న వైరును బాడీకి ఎర్త్ చేయడమే. చాలా మోడళ్లలో ఆయిల్ తగ్గితే ఇంజిన్‌ను ఆపే సెన్సర్ కూడా చేసేది అదే పని. అంటే ఆయిల్ తక్కువైనా, జనరేటర్‌ను వాలులో పెట్టినా, ఆ వైరు ఎక్కడో రేకుకు రాసుకుని ఒరుసుకుపోయినా, ఇంజిన్ దృష్టిలో మీరు మాటిమాటికీ స్విచ్ ఆఫ్ చేస్తున్నట్టే.

ఇది నాకు తగిలిన దెబ్బే. తిరుపతి గంగజాతరకు మా వీధిలో అంబలి పోసే పందిట్లో నా జనరేటర్ ఇలాగే మొరాయిస్తే, ఒకాయన మాట విని కాయిల్ మార్చేశాను. మర్నాడు మళ్లీ అదే టప్ టప్. తీరా చూస్తే కవర్ రేకు కింద నలిగిన వైరు. ఇన్సులేషన్ టేపు రెండు చుట్లతో పోయింది, కాయిల్ డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి ముందు ఆయిల్ చూసి, చదునైన నేల మీద పెట్టి, ఆ సన్న వైరును కాయిల్ దగ్గరే విప్పి మళ్లీ నడపండి. అలా విప్పితే స్విచ్‌తో ఇంజిన్ ఆగదు, పెట్రోల్ కాక్ మూసేసి ఆపాలి. ఆయిల్ కాపలా కూడా పోతుంది కాబట్టి ఇది పరీక్ష వరకే. మిస్సింగ్ పోయిందా, తప్పు వైరుది, స్విచ్‌ది, లేదా సెన్సర్‌ది. పోలేదా, ప్లగ్గు క్యాప్ మార్చి, ఫ్లైవీల్ అయస్కాంతం మీద తుప్పు ఉంటే గరుకు కాగితంతో రుద్ది, కాయిల్‌కూ దానికీ మధ్య సందు సరిచేయండి. చాలా ఇంజిన్లకు అది 0.3, 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, సందు కొలిచే ఫీలర్ గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు దూర్చి బిగిస్తారు (పెళ్లి కార్డు కాదు, అది మందం!). ఇన్ని చేసినా వేడికి స్పార్క్ పోతోందంటే, అప్పుడు కొనండి కాయిల్.

ప్రశ్న (శ్రీకాళహస్తి నుంచి): నాలుగు నెలలు వాడకుండా ఉంచాం. ఇప్పుడు చోక్ సగం లాగి పెడితేనే నడుస్తోంది. ప్లగ్గు మార్చాలా?

జవాబు: వద్దు, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది, అప్పుడు బాగుపడుతోందంటే పెట్రోల్ చాలట్లేదన్నమాట. కార్బొరేటర్‌లో జెట్టు, అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, పూడింది. స్పార్క్ లోపమైతే చోక్‌తో ఇంకా పాడవుతుంది. శబ్దంలోనూ తేడా ఉంటుంది: జెట్టు పూడితే ఇంజిన్ ఊయల ఊగినట్టు ఒక లయలో పెరిగి తగ్గుతుంది, స్పార్క్ తప్పితే ఎప్పుడు పడితే అప్పుడు ఎక్కిళ్లు పెడుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాతదంతా తీసేయండి, జెట్టు శుభ్రం చేయించండి. ఇకమీదట లోపల పెట్టేముందు కాక్ మూసి, తనంతట తాను ఆగిపోయేదాకా నడపండి.

ప్రశ్న (పలమనేరు నుంచి, జిరాక్స్ షాపు): జనరేటర్ వేస్తే యూపీఎస్ టిక్కుటిక్కుమని బ్యాటరీ మీదికే వెళ్తోంది. ల్యాప్‌టాప్ చార్జర్ మాత్రం మామూలుగా పనిచేస్తోంది. యూపీఎస్ పాడైందా?

జవాబు: ఎక్కువ ల్యాప్‌టాప్ చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా, 50 అయినా 60 హెర్ట్జ్ అయినా (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) సర్దుకుపోతాయి. యూపీఎస్‌కు అంత ఓపిక ఉండదు. మామూలు చిన్న జనరేటర్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ వస్తుంది. అంటే సెకనుకు 50 చుట్లు, ఫోర్ స్ట్రోక్ కాబట్టి పనికొచ్చే స్పార్కులు 25. వాటిలో నాలుగైదు తప్పినా వేగం పడిపోతుంది, యూపీఎస్ ఇది కరెంటే కాదని తోసిపుచ్చుతుంది. హెర్ట్జ్ చూపించే మల్టీమీటర్‌ను జనరేటర్ సాకెట్‌లో పెట్టి లోడ్ వేసి చూడండి. అంకె గంతులేస్తుంటే పైన చంద్రగిరి అన్నకు చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి. 47 దగ్గరో 54 దగ్గరో కదలకుండా నిలబడితే మాత్రం స్పార్క్ జోలికి పోకండి, ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ సెట్టింగ్ చేయించండి. అన్నట్టు, ఆ జనరేటర్‌ను షాపు లోపల పెట్టి షట్టర్ సగం దించి నడుపుతున్నామని రాశారు. ఈరోజే బయటికి లాగండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.