మామిడి కొమ్మలకు పక్కు కట్టింది.. అడవి నుంచి పాకిందా?

ప్రశ్న: మాది కొల్లాపూర్ దగ్గర. నల్లమల అంచున నాలుగెకరాల మామిడి తోట, చెట్లకు పాతికేండ్లు. వానలు పడ్డాక కొన్ని కొమ్మల మీద నారింజ, గోధుమ రంగులో తోలు అతికించినట్టు పక్కు కట్టింది. అడవిలో పడిపోయిన దుంగల మీద ఇట్లాంటిదే చూశాను. బోరు షెడ్డు గుంజలకు కూడా వచ్చింది. తోటంతా పాకుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ఇప్పుడే మందు కొనకండి. పక్కు ఉన్నచోట బెరడును కొడవలి మొనతో గీకి చూడండి. కింద పచ్చిదనం లేకుండా ఎండిపోయి ఉంటే, కొమ్మను చంపింది ఈ పక్కు కాదు. కొమ్మ చచ్చాక వచ్చి కూర్చుంది.

ఇది పుట్టగొడుగుల చుట్టమే. కాడ, గొడుగు లేకుండా చెక్కకు అతుక్కుని పరుచుకుంటుంది. పైకి కనిపించేది బీజాలు రాల్చే భాగం మాత్రమే, అసలు ఒళ్లంతా సన్నని దారాలుగా చెక్క లోపల ఉంటుంది. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను అరిగించుకునే జీవులు చాలా తక్కువ, ఈ పక్కు శిలీంధ్రాల్లో ఎన్నో ఆ పని చేస్తాయి. అందుకే కుళ్లిన చెక్క తెల్లబడి నారలు నారలుగా ఊడివస్తుంది. ఇవి లేకుంటే నల్లమలలో రాలిన కొమ్మలు గుట్టలు పడి ఉండేవి.

బీజాలు గాలిలో తిరుగుతూనే ఉంటాయి, అడవిని తప్పుపట్టి లాభం లేదు. వాటికి కావలసింది గాయం, తడి. కొమ్మ ఎందుకు ఎండిందో వెతకండి. కొమ్మ మొదలు దగ్గర రంపపు పొట్టు రాలుతుంటే కాండం తొలిచే పురుగు. కొన నుంచి కిందికి ఎండుతూ బంక కారుతుంటే ఎండుతెగులు. రెండూ లేకుంటే ఎప్పుడో కొమ్మ నరికి వదిలేసిన మోడు అయ్యుంటుంది. పాత తోటల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే.

కాయ కోత అయ్యాక, వాన లేని రోజు చూసుకుని, ఎండిన కొమ్మను పచ్చి భాగంలోకి జానెడు లోపలికి, నీరు నిలవకుండా ఏటవాలుగా కోయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో బోర్డో పేస్టు చేసి కోతకు పూయండి. ఇనుప పాత్ర వాడొద్దు. కలిపాక కత్తి ముంచితే రాగి రంగు అంటిందంటే ఇంకొంచెం సున్నం వేయాలి. కోసిన కట్టెను చెట్ల కింద వదలకండి, పొయ్యిలోకి వాడుకోండి.

పచ్చి కొమ్మ మీదే గులాబీ రంగు పొర కట్టి, పై ఆకులు పసుపుబారితే మాత్రం అది వేరే తెగులు. ఆ కొమ్మను కోసి కాల్చేసి, మిగతా కొమ్మలకు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పిచికారీ చేయండి. మొద్దును గొడ్డలి వెనకవైపుతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే పైనున్న బరువైన కొమ్మలను తగ్గించండి, ఈదురుగాలికి విరిగి మనుషుల మీద పడొచ్చు.

షెడ్డు గుంజలది చిన్న పని. చెక్కలో తడి 20 శాతం లోపు ఉంటే ఇది పెరగలేదు. గుంజ మొదలు మట్టిలో కాకుండా బండరాయి మీద నిలబెట్టి, బోరు నీళ్లు అటు పారకుండా మళ్లించండి. మెత్తబడిన గుంజను మాత్రం తీసేయాల్సిందే, దాని స్థానంలో రాతి కడీ పాతుకోండి.