డెత్ మెటల్ గర్జనకు చెవిని అలవాటు చేసుకోవాలంటే

హెవీ మెటల్ రాక్ బృందం ఐరన్ మెయిడెన్ అంటే ప్రాణమని, మెటల్‌లోనే మరింత కరకైన శైలి డెత్ మెటల్‌లో ఆ గర్జించే గొంతు వినగానే ఆపేస్తున్నానని రాశారు. దయచేసి అప్పుడే వదిలేయకండి. ముందు స్వీడన్ బృందం ఓపెత్ 2003లో తెచ్చిన ‘డామ్నేషన్’ ఆల్బమ్ వినండి. అందులో గర్జనే లేదు. వారి బాణీ వంటబట్టాక 2001 నాటి ‘బ్లాక్‌వాటర్ పార్క్’కు వెళ్లండి. అక్కడ ఓపెత్ గాయకుడు మికేల్ ఓకర్‌ఫెల్ట్ ఒకే పాటలో మృదువుగా పాడుతూ పాడుతూ గర్జనలోకి దిగుతారు. ఆ గొంతును మరో వాద్యంగా, డ్రమ్స్‌తో కలిపి వినండి. సాహిత్యం చదువుతూ వింటే ఇంకా సులువు.

ఈ వారమంతా నేను ‘డెత్’ అనే బృందం వారి ‘సింబాలిక్’ (1995) వింటున్నాను. ఎంత విన్నా తనివి తీరడం లేదు! ఆ బృందం గాయకుడు, గిటారిస్టు చక్ షుల్డినర్ గిటార్ పలికించే రాగాలు మెయిడెన్ అభిమానిని తప్పక పట్టేస్తాయి. మూడో మెట్టుగా అదే పెట్టుకోండి.