లోన్‌లోంచి మీ పేరు పోకముందే దస్తావేజు మీద సంతకం పెట్టకండి

మీ ప్రశ్న చదువుతుంటే అచ్చం నా సంగతే చదువుతున్నట్టుంది. విడాకులు నడుస్తున్నాయి, ఇల్లు మీ భర్త ఉంచుకుంటానంటున్నారు, మీకూ అభ్యంతరం లేదు. "ముందు దస్తావేజు మీద నీ పేరు తీయించు, లోన్ సంగతి తర్వాత నేను చూసుకుంటాను" అంటున్నారు. సంతకం పెట్టేయనా అని అడిగారు. నేను పెట్టేశాను. అందుకే చెప్తున్నాను, ఇప్పుడే వద్దు.

దస్తావేజు వేరు, లోన్ వేరు. ఇల్లు ఎవరిదో దస్తావేజు చెబుతుంది. అప్పు ఎవరు తీర్చాలో లోన్ ఒప్పందం చెబుతుంది. మీ వాటా వదులుకుంటూ మీరు ఒక కాగితం రాసి రిజిస్టర్ చేయిస్తే యజమానిగా మీ పేరు పోతుంది. బాకీదారుగా మాత్రం అలాగే ఉంటుంది. ఇంకోమాట, ఇద్దరూ కలిసి తీసుకున్న లోన్ అంటే సగం సగం బాధ్యత అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. మామూలుగా అలా ఉండదు. మొత్తం బాకీ కోసం ఇద్దరిలో ఎవరినైనా బ్యాంకు అడగొచ్చు. అంటే తొందరపడి సంతకం పెడితే ఇల్లు మీది కాకుండా పోతుంది, దాని అప్పు మాత్రం పూర్తిగా మీ నెత్తిమీదే ఉంటుంది.

నా విషయంలో కోర్టు ఆర్డర్‌లో "ఇకపై వాయిదాలన్నీ భర్తే కట్టాలి" అని స్పష్టంగా రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం చూసుకుని నేను నిశ్చింతగా ఉన్నాను. ఎనిమిది నెలల తర్వాత నాకంటూ చిన్న ఇల్లు కొనుక్కుందామని లోన్‌కి అప్లై చేస్తే కాదన్నారు. పాత ఇంటి బాకీ మొత్తం నా అప్పుగానే కనిపిస్తోంది. పైగా అందులో రెండు వాయిదాలు ఆలస్యంగా కట్టినట్టుంది, నా క్రెడిట్ స్కోర్ పడిపోయింది. ఆయన కావాలని చేసింది కాదు, ఉద్యోగం మారే సమయంలో చేతిలో డబ్బు ఆడలేదు. కానీ నాకు ఒక్క ముక్క చెప్పలేదు. అప్పటికే ఉమ్మడి ఖాతా మూసేశాం కాబట్టి నాకు తెలిసే దారీ లేదు.

ఆర్డర్ కాపీ పట్టుకుని బ్యాంకుకి వెళ్లాను. అక్కడి ఆఫీసర్ ఓపిగ్గా అంతా చదివి, "ఈ తీర్పు మీ ఇద్దరి మధ్యదమ్మా. మాకు మీ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి" అంది. ఆయన కట్టకపోతే నేను ఆయన మీద మళ్లీ కోర్టుకి వెళ్లి అడగొచ్చు, కానీ బ్యాంకు నన్ను అడగకుండా ఆ కాగితం ఆపలేదు. ఆరోజు బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

మరి లోన్‌లోంచి పేరు ఎలా పోతుంది? గట్టి దారి ఏమిటంటే, ఆయన ఒక్కరి పేరు మీద కొత్త లోన్ తీసుకుని పాతది పూర్తిగా మూసేయడం. దీనికి ఆయన ఒక్కరి ఆదాయం సరిపోవాలి. ఇద్దరి జీతాలు చూసి ఇచ్చిన లోన్ ఒక్క జీతానికి రాకపోవచ్చు, చాలా కేసులు ఆగిపోయేది ఇక్కడే. పాత వడ్డీ తక్కువగా ఉంటే, కొత్త లోన్‌తో ఆ లాభం పోతుందని కూడా వెనకాడతారు. రెండో దారి, ఉన్న లోన్‌నే ఆయన ఒక్కరి పేరు మీదికి మార్చి, మిమ్మల్ని బాధ్యత నుంచి విడుదల చేస్తున్నామని బ్యాంకు రాతపూర్వకంగా ఇవ్వడం. బ్యాంకులు దీనికి అంత తేలిగ్గా ఒప్పుకోవు, అయినా అడగండి. ఇస్తే ఆ కాగితంలో "విడుదల" అనే మాట ఉందో లేదో చూసుకోండి. ఆయన కడతానన్నారని మాత్రమే రాసి ఉంటే మీరు బయటపడినట్టు కాదు. ఈ రెండూ కుదరకపోతే ఇల్లు అమ్మి బాకీ తీర్చడమే. మనసుకి కష్టమే, కానీ సగం తెగి సగం మిగిలిన బంధం కంటే అది నయమని నా అభిప్రాయం.

డబ్బు లెక్క కూడా ముందే తేల్చుకోండి. ఇంటి విలువ 100 అనుకోండి, బాకీ 60 ఉంటే మిగిలేది 40. చెరిసగం అయితే మీ వాటా 20. ఆ 100 ఎవరు నిర్ణయించారన్నదే అసలు విషయం. ఆయన నోటిమాట విలువ కాకుండా, ఇద్దరికీ సంబంధం లేని వాల్యుయర్‌తో లెక్క కట్టించండి.

ఇక సంతకం ఎప్పుడంటే, కొత్త లోన్ మంజూరై పాతది మూసే రోజునే, అదే చోట. మీ వాటా డబ్బు కూడా అప్పుడే చేతికి రావాలి. ఆయనకీ భయం ఉంటుంది, లోన్ తెచ్చుకున్నాక మీరు సంతకం పెట్టకపోతే ఎలా అని. అందుకని ముందే సంతకం చేసి లాయర్ దగ్గర ఉంచి, లోన్ మూసిన కాగితం వచ్చాకే రిజిస్టర్ చేయించేలా రాసుకోవచ్చు. ఒప్పందంలో గడువు తేదీ తప్పకుండా వేయించండి. ఆ తేదీలోగా ఆయన లోన్ మార్చుకోలేకపోతే ఇల్లు అమ్మకానికి పెట్టాలి అన్న వాక్యం ఉండాలి. నా ఒప్పందంలో "వీలైనంత త్వరగా" అని ఉంది. ఆ "త్వరగా" వచ్చేసరికి 14 నెలలు పట్టింది.

అప్పటిదాకా లోన్ ఖాతా ఆన్‌లైన్‌లో చూసే వీలు మీ పేరున అట్టిపెట్టుకోండి. వాయిదా తేదీ దాటగానే మెసేజ్ మీకు కూడా వచ్చేలా చేయించుకోండి. ఇంటి మీద అదనంగా టాప్-అప్ లోన్ తీసుకునే వీలు గానీ, ఎప్పుడైనా వాడుకునే క్రెడిట్ లైన్ గానీ ఉంటే వెంటనే ఆపించండి, లేకపోతే మీకు తెలియకుండానే బాకీ పెరగొచ్చు. ఇంటి ఇన్సూరెన్స్, పన్ను రికార్డుల్లో పేర్లు చివర్లో మార్చుకుంటే సరిపోతుంది.

దస్తావేజులో ఇంకొకటి చూడండి. ఇద్దరిలో ఒకరు చనిపోతే వాటా తనంతట తానే రెండోవాళ్లకి వెళ్తుందని కొన్ని ఉమ్మడి దస్తావేజుల్లో ఉంటుంది. అలాంటి చోట మీరు రాసిన వీలునామా ఆ వాటాకి పనిచేయదు. విడాకులు ఏళ్ల తరబడి సాగేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. పిల్లలుంటే మరీను. మీ లాయర్‌ని ఈ వారమే అడగండి.

ఒక సంగతి మీరు రాయలేదు. లోన్ ఒప్పందంలో మీరు ఆయనతో పాటు అప్పు తీసుకున్నవారిగా ఉన్నారా, హామీ సంతకం మాత్రమే పెట్టారా? మామూలుగా మొదటి పేజీల్లోనే ఉంటుంది. హామీ అయితే బ్యాంకుని అడగాల్సిన కాగితం వేరు. చూసి ఇక్కడే రాయండి, నేను బ్యాంకుకి పంపిన ఉత్తరంలో ఏమేం అడిగానో చెప్తాను.