ఇన్ని ఆశ్చర్యాలెందుకమ్మా?

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లీషు కథకు నువ్వు చేసిన అనువాదం అందింది. కథ మంచిదే ఎంచుకున్నావు. రెండో పేజీలో ముసలావిడ కిటికీ దగ్గర నిలబడి, "నా కొడుకు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడా అని నేను ఆశ్చర్యపోతున్నాను" అంటుంది చూడు, అక్కడే కాగితాలు పక్కన పెట్టేశాను. కొడుకు మీద బెంగపెట్టుకున్న తల్లి అలా మాట్లాడుతుందా? "ఎక్కడున్నాడో నా కొడుకు" అంటుంది. మహా అయితే "ఏమో" అని కలుపుతుంది.

మూలంలో ఆవిడ అన్నది 'ఐ వండర్'. ఇంగ్లీషులో వండర్ మొదట వింతకూ, వింత చూసి విస్తుపోవడానికీ పేరు. తెలుసుకోవాలని మనసులో అనుకోవడం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు మామూలు మాటల్లో అది క్రియగా వస్తే చాలాసార్లు ఈ రెండోదే. నిఘంటువులో ముందు కనిపించేది ఆశ్చర్యం కాబట్టి నువ్వు అక్కడే ఆగిపోయావు.

వండర్ పక్కన ఏముందో చూడు. 'ఎట్' ఉంటే ఆశ్చర్యమే, 'దట్' ఉన్నా దాదాపు అంతే. 'ఇఫ్', 'వెదర్', 'హూ', 'వై' ఉంటే అక్కడున్నది ఆశ్చర్యం కాదు, ప్రశ్న. 'ఎబౌట్' వస్తే ఆలోచనో అనుమానమో సందర్భాన్నిబట్టి తేల్చుకోవాలి. 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్' అన్నది మాత్రం ఉత్త మొహమాటం, అందులో భూతకాలం కూడా మర్యాద కోసమే. నీ అనువాదంలో గుమాస్తా తన అధికారితో "మీరు సెలవు ఇవ్వగలరా అని ఆశ్చర్యపోతున్నాను" అన్నాడు. "ఏమీ అనుకోకపోతే రెండు రోజులు సెలవు కావాలండీ" అని నసగాలి వాడు.

ఆ ప్రశ్నలన్నిటికీ మనకు మాట చివర ఒక్క 'ఓ' చాలు. కాకపోతే అది ఎక్కడ తగిలిందో చూసుకోవాలి. "ఎందుకో నవ్వింది" అంటే కారణం తెలియదు, తెలుసుకోవాలన్న తపనా లేదు. "ఎందుకు నవ్విందో" అంటే మనసు దాని వెంటే తిరుగుతోంది. "ఎవరో వచ్చారు", "ఎవరు వచ్చారో" కూడా అంతే. ప్రశ్నపదానికి తగిలితే గుర్తు తెలియనితనం, క్రియకు తగిలితే వండర్. "అతనెవరో" లాంటి క్రియ లేని వాక్యంలో రెండూ కలిసిపోతాయి, అక్కడ ముందు వెనకల వాక్యాలే ఆధారం. 'వెదర్' వస్తే జంటగా రాయి: వస్తాడో రాడో, తిన్నాడో లేదో. 'అనుకుంది' అని కథకుడు చెప్పేచోట 'ఆ' కూడా బాగుంటుంది: "ఎందుకు నవ్వాడా అనుకుంది." ఇంత చేశాక మళ్ళీ చివర "అని ఆశ్చర్యపోయింది" తగిలించకు. 'ఓ' తర్వాత ప్రశ్నార్థకమూ వద్దు. ఆ మాట ఎవర్నీ అడగడం లేదు.

నిజంగా ఆశ్చర్యమే ఉన్నచోట కూడా ఒకే మాట వాడేశావు. విడ్డూరంలో ఆక్షేపణ ఉంటుంది. వింతలో కొత్తదనం ఉంటుంది, మెచ్చుకోలు ఉండాలని లేదు. అబ్బురంలో మెచ్చుకోలు ఉంటుంది. అచ్చెరువు కావ్యభాష, గుమాస్తా నోట పెట్టకు. అసలు పేరు చెప్పకుండా కూడా పని జరుగుతుంది: నోరెళ్ళబెట్టాడు, గుడ్లప్పగించి చూశాడు, ముక్కున వేలేసుకుంది. ఈ చివరిదానిలో పొరుగింటి తప్పుపట్టడం ఉంటుంది, తాజ్‌మహల్ ముందు నిలబెట్టి వాడకు. ఇలాంటివి రాస్తే కొట్టేసి "ఆశ్చర్యానికి గురైంది" అని దిద్దే సంపాదకులున్నారు. గురవడానికి అదేమన్నా జబ్బా? పత్రికల్లో అందరూ దిగ్భ్రాంతికీ విస్మయానికీ గురవుతూనే ఉంటారు. వాళ్ళ మాట వినకు.

జాతీయాల దగ్గర మాటకు మాట వెతక్కు. 'నో వండర్' అంటే "అదీ సంగతి", "అందుకేనా", లేదా "వింతేముంది". 'నైన్ డేస్ వండర్' మూన్నాళ్ళ ముచ్చట. మందు 'వండర్స్' చేసిందంటే మంత్రంలా పనిచేసిందని. 'వండర్‌ఫుల్' వాడి వాడి అరిగిపోయింది, కాఫీ గురించి అంటే "బాగుంది" చాలు, అద్భుతం దాకా పోనక్కర్లేదు.

పత్రికల గురించి నువ్వు అడిగినవాటికి జవాబు తర్వాత రాస్తాను. ముందు ఆరో పేజీ చూడు. భర్త పోయినావిడ గదిగదికీ ఆశ్చర్యపోయింది అని రాశావు. మూలంలో ఉన్నది 'వాండర్డ్', అంటే తిరిగింది. 'వాచ్'లో పలికే అచ్చుతో పలికేది తిరగడం, 'వన్'లో అచ్చుతో పలికేది వండర్. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం తిరకాసుగా ఉంటాయి: 'ఓ' అక్షరం ఉన్నదే 'వండర్', 'ఏ' ఉన్నది 'వాండర్'. ఆ పేజీ మళ్ళీ చేసి పంపు.