అక్రిలిక్ తొట్టి జోలికి వెళ్ళే ముందు

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి కిరణ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ గుంటూరు బ్రాడీపేటలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ నాలుగడుగుల అక్రిలిక్ అక్వేరియం, అదే గాజులా కనబడే ప్లాస్టిక్ తొట్టి, చేపలతో సహా నీకిచ్చేశారట, హాల్లో పెట్టుకున్నావట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మనవాళ్ళలో మీ పెదనాన్న తర్వాత చేపలంటే అంత ప్రాణం పెట్టేది నువ్వే. ఆ సంతోషం పూర్తికాకముందే ఇంకో మాట అంది. తొట్టి గోడలకు పట్టిన పచ్చ చుక్కల పాచి స్పాంజితో పోవడం లేదని, ఆదివారం బ్లేడు పెట్టి గీకేస్తానన్నావట. ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు. ఫోన్లో చెబితే సగం ఇటు విని అటు వదిలేస్తావని రాస్తున్నాను.

ముందు కరెంటు సంగతి. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు లైటు, ఫిల్టరు, హీటరు ఉంటే అదీ, అన్నిటి ప్లగ్గులూ పీకి పక్కన పెట్టు. స్విచ్ ఆపితే చాల్లే అనుకోకు. ప్రతి వైరూ ప్లగ్ పాయింటు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడే వైరు వెంట జారిన నీళ్ళు బోర్డులోకి పోకుండా నేల మీద పడతాయి. మా అక్వేరియం షాపులో ఒక కుర్రాడికి షాక్ కొట్టి, ఎదురుగోడ దాకా వెళ్ళి పడ్డాడు. బతికి బట్టకట్టాడు కానీ ఆ చప్పుడు నాకింకా వినబడుతుంది. చాదస్తం అనుకున్నా సరే, ఈ ఒక్కటి మాత్రం నా కోసం చెయ్యి.

అది నిజంగా అక్రిలిక్కేనా అని వేలి కణుపుతో తట్టి చూడు. గాజు ఖంగుమంటుంది, ఇది డబ్‌మని మొద్దుగా మోగుతుంది. తాకితే గాజంత చల్లగా ఉండదు. అక్రిలిక్ గాజులో సగం బరువే ఉంటుంది, అంత తేలిగ్గా పగలదు, లోపలివి కూడా చక్కగా కనబడతాయి. కానీ ఒళ్ళు మెత్తన. గాజు మీద నున్నగా జారే బ్లేడు దీని మీద గాటు పెడుతుంది.

ఇది మీ పెదనాన్నకు తెలియక కాదు. తెలిసీ తొందరపడ్డాడు. సూర్యారావుపేటలో ఒక పిల్లల డాక్టరు గారి హాస్పిటల్లో, జనం కూర్చునే హాల్లో పెద్ద అక్రిలిక్ తొట్టి ఉండేది. ముందువైపు వంపు తిరిగి, మద్రాసు నుంచి తెప్పించిన సరుకు. అప్పటిదాకా ఆయన చేతిలో పడ్డవన్నీ గాజు తొట్లే. దసరా ముందు శుభ్రం చెయ్యమన్నారు. అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో ఊరంతా కిటకిటలాడుతోంది, షాపులో గిరాకీ. గబగబా వెళ్ళి, నీళ్ళు సగం తోడి, గాజుకు వాడే బ్లేడే పెట్టాడు. పాచి పొరలుపొరలుగా ఊడొచ్చిందట. తుడిచి చూస్తే, నీళ్ళు లేని పైసగమంతా సన్నటి గీతలు. గుండె జారిపోయింది ఆయనకు. మళ్ళీ నీళ్ళు నింపితే గీతలు దాదాపు మాయమయ్యాయి. లోపలి గీతల్లో నీరు నిండితే అంతగా కనబడవు కదా. హమ్మయ్య అని ఇంటికొచ్చాడు.

అసలు కథ పండగయ్యాక మొదలైంది. నున్నటి గోడ కన్నా గరుకు చోట పాచి గట్టిగా పట్టుకుంటుంది. ప్రతి గీతలోకీ పచ్చదనం దిగింది. ఇంజెక్షన్ కోసం వచ్చిన ఒక పిల్ల తొట్టికి ముక్కానించి, "అమ్మా, చేపల మీద పచ్చ వాన పడుతోంది" అందట. ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పి అన్నం మానేశాడు మనిషి. చివరికి చేపల్ని షాపుకి తెచ్చి, తొట్టి ఖాళీ చేసి, నీటి కాగితం, అదే తడిపి రుద్దే గరుకు కాగితం తీసుకుని, ముందు కాస్త గరుకుది, తర్వాత నున్ననిది, ఇంకా నున్ననిది, అలా రాత్రుళ్ళు కూర్చుని రుద్దాడు. భుజం వాచిపోతే నేను కాపడం పెట్టేదాన్ని. గీతలు పోయాయి. కానీ అన్నిచోట్లా ఒకేలా అరగలేదు, దాంతో ఒకచోట చేప సాగి, ఒకచోట నొక్కుకుపోయి కనబడేది. డాక్టరు గారు పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనమే మీ పెదనాన్నను ఎక్కువ బాధపెట్టింది. కన్నా, గీత పడటానికి అరనిమిషం, పోగొట్టడానికి వారాలు. అందుకే ఇంతలా చెబుతున్నాను.

నువ్వు చెయ్యవలసింది ఇది. పాత ఏటీఎం కార్డు తీసుకో. అంచు మీద గోరు పోనిచ్చి చూడు, ఎక్కడైనా గరుకు తగిలితే అది పారేసి ఇంకోటి తీసుకో. కార్డును గోడకు ఏటవాలుగా ఆనించి పైనుంచి కిందికి నెమ్మదిగా లాగు. నాలుగుసార్లు లాగావంటే బకెట్లోని నీళ్ళలో ఒకసారి కడుగు. ఇసుకకు రెండంగుళాలు పైనే ఆగిపో. అక్రిలిక్‌కు పాచి వల్ల ప్రమాదమేమీ లేదు, కార్డు కింద ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువుతోనే ప్రమాదం. ఆ కిందిభాగం తర్వాత, ఇసుకను వేళ్ళతో వెనక్కి నెట్టి చేసుకోవచ్చు. అయస్కాంతం క్లీనరు కొంటే అక్రిలిక్‌కు పనికొచ్చేదే అడిగి కొను, పనయ్యాక తొట్టిలో వదిలెయ్యకు.

కార్డుకూ లొంగని చుక్కలుంటే తెల్లటి మెలమైన్ స్పాంజి వాడు, సబ్బు కలపనిది. అది కూడా సన్నగా అరగదీసేదే కాబట్టి ముందు వెనకమూల ఒకచోట రుద్ది చూసుకో. నొక్కకుండా తేలిగ్గా రుద్దు. స్టీలు పీచు, గిన్నెల స్క్రబ్బరు ఆ గదిలోకే రానివ్వకు. అద్దాలు తుడిచే స్ప్రే, శానిటైజరు, థిన్నరు కూడా అంతే. అమ్మోనియా, ఆల్కహాలు తగిలితే అక్రిలిక్ లోపల సన్నటి పగుళ్ళు పుడతాయి, చేపలకూ మంచిది కాదు. నీటిమట్టం దగ్గర తెల్లగా గారకడితే, నీళ్ళు కాస్త దించి, వైట్ వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి, తడిగుడ్డతో అద్ది తుడువు. బ్లీచింగు మాత్రం దాని దగ్గరికి రానివ్వకు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. నీకసలే చిన్నప్పటి నుంచీ ఆయాసం.

అంతా ఒక్కరోజులో తేల్చెయ్యాలని పట్టుదలకు పోకు. రోజుకొక గోడ చెయ్యి. ఊడిన పాచి ఫిల్టరుకు అడ్డం పడుతుంది, అందుకని పావు వంతు నీళ్ళు మార్చు. కుళాయి నీళ్ళయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే పొయ్యి.

ఆ తొట్టి కిటికీ పక్కన పెట్టావని మీ అమ్మ అంది. పాచికి కారణం అక్కడే ఉంది నాన్నా. గుంటూరు ఎండ నేరుగా పడితే ఎన్నిసార్లు గీకినా మళ్ళీ వస్తుంది. పరదా వెయ్యి, లైటు రోజుకు ఆరేడు గంటలకు మించనివ్వకు, మేత తగ్గించు.

పాచి తింటుందని షాపులో సక్కర్ చేప అంటగడతారు, తీసుకోకు. అది అడుగు దాటి పెరుగుతుంది, అప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియక జనం కాలవలో వదిలేస్తారు. మన చేపల రైతులు దెయ్యం చేప అని మొత్తుకునేది దాన్నే. కావాలంటే పాచి తినే నెరైట్ నత్తలు రెండు వేసుకో. తెల్లటి గుడ్లు అంటిస్తాయి, అంతే.

శుక్రవారం మీ అమ్మ ఇక్కడికొస్తోంది. స్పాంజిలు, మీ పెదనాన్న దాచుకున్న మెత్తటి పంచె గుడ్డలు కట్టి ఆమెతో పంపిస్తాను. అవి అందేదాకా గోడ ముట్టుకోకు. మొదటి గోడ అయ్యాక ఫొటో పెట్టు, ఎలా వచ్చిందో చూసి తర్వాతది చెబుతాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ